ఒక్క చీటీ పట్టేంత సందు

నేను ఒక చెక్కపెట్టెను. నాకు ఒకప్పుడు మూత ఉండేది, ఇప్పుడు లేదు. ఆ మూత మధ్యలో సన్నటి సందు ఒకటి ఉండేది. మీకు చెప్పదలచుకున్నదంతా ఆ సందు గురించే.

పెట్టెలకు చెప్పుకోదగ్గ బతుకేం ఉంటుంది అంటారా? నిజమే. ఎక్కడ పెడితే అక్కడ పడి ఉంటాం, ఏది వేస్తే అది దాచుకుంటాం. అయినా ఒక వీధి వీధంతా నా ముందుకు వచ్చి, లోపలికి రాలేక ఆగిపోయిన రోజు ఒకటి ఉంది. తప్పు ఎవరిదని అడిగితే పురపాలక సంఘం వాళ్ళు ఒకటి చెబుతారు, వీధివాళ్ళు ఇంకొకటి చెబుతారు. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కంకణాలపేట నేతవాళ్ళ ఊరు. అందులో పడుగుల వీధి ఉంది. ఆ వీధిలో ఒక ఇంట్లో గుంటమగ్గం చట్రం విరిగిపోతే, ఆ చెక్కను వడ్రంగి సూర్యప్రకాశాచారి కోసి, చిత్రిక పట్టి నన్ను చేశాడు. కాబట్టి నేను పుట్టుకతో పెట్టెను కాను. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు మగ్గాన్ని. నూలు వాసన ఇప్పటికీ నా చెక్కలో ఉంది, వానాకాలంలో బయటికి వస్తుంది.

నన్ను చేయించింది చేనేత సొసైటీ. అంతకుముందు జరిగిన సొసైటీ ఎన్నికల్లో నేతిడబ్బాకి పైన పెద్ద రంధ్రం కోసి చీటీలు వేయించారట. ఓటేసినవాళ్ళు రెండు వందల ముప్ఫై మంది, లెక్కపెడితే చీటీలు రెండు వందల నలభై ఒకటి. ఎవరు రెండేసి వేశారో తేలలేదు. ఊళ్ళో నవ్వుకోనివాళ్ళు లేరు. అందుకని సొసైటీ డైరెక్టరు దామర్ల మార్కండేయులు స్వయంగా ఆచారి కొట్టుకు వచ్చి కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. నేతలోనూ మాటలోనూ చెయ్యి తిరిగినవాడు.

"సందు సన్నంగా ఉండాల ఆచారీ. మడత పెట్టిన చీటీ ఒక్కటే దూరాల. రెండోది కలిపి తోస్తే ఇరుక్కుపోవాల."

"అంత సన్నమైతే ముసలోళ్ళు తడుముకోరా?"

"తడుముకోనీ. మళ్ళా నవ్వులపాలు కాలేం."

ఆచారి ఉలితో సందు తీశాడు. మార్కండేయులు జేబులోంచి చీటీ తీసి, మడిచి దూర్చి చూశాడు. పట్టింది. రెండు కలిపి దూర్చాడు. పట్టలేదు. బొటనవేలితో సందు అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, "ఇదీ పనంటే" అన్నాడు. ఆ మెచ్చుకోలుకి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. చెక్క పొంగడం మంచిది కాదని తర్వాత తెలిసింది.

ఇరవై ఏళ్ళపాటు సొసైటీలో ఉన్నాను. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఎన్నికలు వచ్చేవి, మిగతా రోజులన్నీ అటక మీద. మనుషులు నా ముందుకు వచ్చినప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. అప్పటిదాకా అరుగుల మీద గొంతులు చించుకున్నవాళ్ళు కూడా చీటీ మడిచేటప్పుడు నిశ్శబ్దమైపోతారు. సందులోంచి చీటీ జారిపోయాక ఒక్క క్షణం వంగి లోపలికి చూస్తారు. లోపల చీకటి తప్ప ఏమీ కనిపించదని తెలిసి కూడా చూస్తారు.

అటక మీదున్నా వీధి నాకు వినిపించేది. తెల్లవారేసరికి పడుగులు బయటికి వచ్చేవి. మీలో చూడనివాళ్ళు ఉంటారు గనక చెబుతాను. మగ్గమెక్కే నిలువు పోగుల్ని పడుగు అంటారు. వేల పోగులు. వాటిని వీధి పొడవునా, ఈ కొసన ఒక రాతిగుంజకీ ఆ కొసన ఇంకో రాతిగుంజకీ బిగించి సాగదీస్తారు. గంజి పట్టిస్తారు. రెండు పక్కలా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ పోతారు. తెగిన పోగుల్ని వేళ్ళతో అతుకుతారు. ఎండ ముదరకముందే ఆరిపోవాలి, చుట్టేయాలి. ఒక ఇంటి పడుగుకి ఎనిమిది మంది చేతులు కావాలి. అందుకని ఈ రోజు మీ పడుగుకి మేం, రేపు మా పడుగుకి మీరు. తొమ్మిది కొట్టేసరికి వీధి మళ్ళీ మామూలు వీధి అయిపోయేది. నేల మీద గంజి చుక్కలు మాత్రం మిగిలేవి.

ఒక రోజు పురపాలక సంఘం నుంచి సొసైటీకి ఉత్తరం వచ్చింది. ఊరికి కొత్త మాస్టర్ ప్లాను తయారవుతోందట. ముసాయిదా మీద ప్రజల అభ్యంతరాలు తీసుకోవడానికి తాళం వేసే పెట్టె ఒకటి కావాలి, ముప్ఫై రోజుల కోసం ఇప్పించండి అని అడిగారు. సొసైటీ వాళ్ళు సంబరంగా నన్ను రిక్షా ఎక్కించారు. ఆ ముప్ఫై రోజులు పద్నాలుగేళ్ళయ్యాయి.

ఆఫీసులో నాకు బూడిదరంగు వేశారు. దాని మీద తెల్ల అక్షరాలతో 'సూచనలు, అభ్యంతరాలు' అని రాయించారు. వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టారు. నా వెనక గోడకు ఊరి పటం వేలాడదీశారు. పటం నిండా రంగులు. ఇళ్ళుండే చోటికి పసుపు, వ్యాపారానికి నీలం, పార్కులకు ఆకుపచ్చ. పడుగుల వీధికి నీలం వేశారు. దాని నడుమ నుంచి, బస్టాండు నుంచి బైపాసు దాకా పోయే నలభై అడుగుల రోడ్డును గీశారు. రోడ్డు మీద అడ్డంగా ఏ కట్టడమూ, గుంజా, రాయీ ఉండకూడదని నిబంధనల్లో రాశారు.

దాని కోసం సర్వేవాళ్ళు వచ్చి వీధి వెడల్పును అయిదు చోట్ల కొలిచి వెళ్ళారట. పొడవు ఎవరూ కొలవలేదు. నేతవాళ్ళకు కావలసింది ఆ పొడవే.

నాకు కాపలా అటెండరు కాలేషా. నెమ్మదైన మనిషి. పొద్దున్నే వచ్చి తడిగుడ్డతో నన్ను తుడిచి, నా పక్కనే బల్ల మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళకు పటంలో వాళ్ళ ఇల్లెక్కడో వేలు పెట్టి చూపించేవాడు. సగం సార్లు తప్పే చూపించేవాడు గానీ, ప్రేమగా చూపించేవాడు.

మొదటి వారం నాలో ఏమేం పడ్డాయో చెబితే నవ్వుతారు. మా వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయని ఒకరు రాశారు. పక్కింటివాళ్ళ కొబ్బరిమట్టలు మా ప్రహరీలో పడుతున్నాయని ఒకరు. ఎవరిదో పెళ్ళి శుభలేఖ కూడా వచ్చింది, తిరుపతిలో ముహూర్తం. అది ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ తర్వాత అచ్చు కాగితాలు రావడం మొదలయ్యాయి. 'పడుగుల వీధిని నలభై అడుగుల వ్యాపార రోడ్డుగా చేయడాన్ని సమర్థిస్తున్నాను' అని అచ్చేసి, కింద పేరుకీ సంతకానికీ చుక్కల గీతలు వదిలిన కాగితాలు. బస్టాండు రోడ్డులోని దుకాణాలవాళ్ళు వాటిని టిఫిను హోటల్లో కట్టగా పెట్టారట. ఇడ్లీ వచ్చేలోపు సంతకం పెట్టి, చేయి కడుక్కుని వచ్చి నాలో వేసి పోయేవాళ్ళు. కొన్నింటికి చట్నీ మరకలుండేవి. వాళ్ళను నేను తప్పుపట్టను. రోడ్డు వస్తే మంచిదే కదా అనుకున్నారు. ఆ వీధిలో తెల్లవారుజామున ఏం జరుగుతుందో వాళ్ళలో చాలామంది చూసి ఉండరు, అప్పటికి నిద్ర లేవరు.

పడుగుల వీధి నుంచి మాత్రం ఇరవై తొమ్మిది రోజులూ ఒక్క కాగితం రాలేదు. నేను ఎదురుచూశాను. పెట్టెకు ఎదురుచూపేమిటనుకోకండి, అది తప్ప నాకు వేరే పనేం లేదు.

వాళ్ళు ఊరుకోలేదని తర్వాత తెలిసింది. రోజూ పడుగు చుట్టేశాక సొసైటీ అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నారు. విడివిడిగా రాద్దామని కుర్రకారు అన్నారు. మార్కండేయులు ఒప్పుకోలేదు. ఆయనకు అప్పటికి అరవై దాటాయి, వీధికి పెద్ద. ఎప్పుడో మురుగుకాలవ గొడవలో ఇంటికొక అర్జీ చొప్పున ఇస్తే, అప్పటి కౌన్సిలరు ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి, కాఫీ తాగి, నచ్చజెప్పి ఒక్కొక్కటీ వెనక్కి తీయించాడు. ఆఖరుకు మూడు అర్జీలు మిగిలాయి. అది ఆయన మర్చిపోలేదు. "విడివిడిగా రాస్తే విడివిడిగా లొంగదీస్తారు. అందరం ఒక్క కాగితం మీదే ఉండాల. ఎవరూ తన పేరు లాగేసుకునే వీలుండకూడదు" అన్నాడట. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ మాటలో న్యాయం ఉంది మరి.

ఒక్క కాగితం మీద నూట ఎనభై ఆరు సంతకాలు పట్టవు. అందుకని పదహారు ఠావుల్ని కొసకు కొస అంటించారు. బజారు జిగురుతో కాదు, పడుగుకు పెట్టే గంజితో. మొదటి ఠావులో అర్జీ, మిగతా వాటిలో వరసగా సంతకాలు, వేలిముద్రలు. మార్కండేయులు కోడలు భద్రావతి దస్తూరి బాగుంటుందని అర్జీ ఆమె చేత రాయించారు. తెల్లవారి నాలుగు గంటల సేపు మాకు వదిలిపెట్టండి, ఆ రెండు రాతిగుంజలూ ఉండనివ్వండి, రోడ్డు మిగతా పొద్దంతా ఊరిదే అని రాసింది. అంతే. పడుగు చుట్టినట్టు ఆ కాగితాన్ని చుట్టి, నూలుతో కట్టారు. ఆ చుట్ట రొట్టెలు ఒత్తే కర్రంత లావయింది.

ముప్ఫయ్యో రోజు సాయంత్రం నాలుగున్నరకు మామా కోడళ్ళు వరండాలోకి వచ్చారు. ఆయన చుట్టను రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆగిపోయాడు. బూడిదరంగు వేసినా గుర్తుపట్టాడు.

"అమ్మాయ్, ఇది మన పెట్టే" అన్నాడు.

చుట్టను సందు మీద పెట్టాడు. పట్టదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. భద్రావతి చుట్ట విప్పి మడతలు పెట్టబోయింది. పదహారు ఠావులు మడిస్తే ఇటుకంత అయింది. ఆమె మళ్ళీ చుట్టింది. అప్పుడు మార్కండేయులు బొటనవేలు నా సందు అంచు మీద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆచారి కొట్లో తడిమినట్టే. ఆ క్షణంలో నా మూత రెండుగా చీలిపోతే బాగుండునని ఎంతగా అనుకున్నానో! ఆచారి పని గట్టిది. చీలలేదు.

"కాలేషా అన్నా, మూత తియ్యరాదా?" అంది భద్రావతి.

"తాళంచెవి సూపర్‌వైజరు గారి దగ్గరుందమ్మా. ఆయన జిల్లా మీటింగుకి పోయారు. రేప్పొద్దున గానీ రారు."

"రేపు తీసుకుంటారా మరి?"

కాలేషా తల దించుకున్నాడు. "గడువు ఇయ్యాళ అయిదు గంటలకే అయిపోద్ది."

"పోనీ అతుకులు ఊడదీసి ఒక్కో ఠావూ వేసేద్దాం మావయ్యా. పదహారూ పడతాయి. ఇంకా టైముంది."

మార్కండేయులు తల అడ్డంగా ఊపాడు. "తెంపితే మొదటిదాన్లో అర్జీ, మిగిలినవాటిల్లో ఉత్త పేర్లు. ఆ పేర్లు ఎందుకు పెట్టారో ఎవరికి తెలుస్తుందమ్మా? కాలేషా, పెట్టె మీద పెట్టిపోతా. నువ్వు చూస్తుండావు గదా."

"చూస్తున్నా పెద్దాయనా. అల్లా మీద ఒట్టు, సార్ చేతికే ఇస్తా."

చుట్టను నా మీద పెట్టి ఇద్దరూ మెట్లు దిగిపోయారు. ఆ బరువు నా మీద రాత్రంతా ఉంది.

మర్నాడు సూపర్‌వైజరు నన్ను తెరిచి లెక్కపెట్టాడు. చెడ్డవాడు కాదు ఆయన. రూలు తప్పి ఒక్క అక్షరం రాసేవాడు కాదు, అంతే. శుభలేఖనూ కుక్కల అర్జీలాంటివాటినీ పక్కన పెట్టి రాసుకున్నాడు. పెట్టెలో వచ్చినవి మూడు వందల పన్నెండు. విడిగా అందినది ఒకటి. కాలేషా మాట నిలబెట్టుకున్నాడు, చుట్టను ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన నూలు విప్పి మొదటి ఠావు చదివి, మళ్ళీ కట్టేశాడు.

కౌన్సిల్ సమావేశానికి నన్ను కూడా మోసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. నా పక్కన చుట్ట. మార్కండేయులు, ఇంకో పదిమంది గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపల మాట్లాడే హక్కు కౌన్సిలర్లకే ఉంది. ఆ వార్డు కౌన్సిలరు లేచి నీళ్ళు నమిలి, 'నేతవాళ్ళ విషయం కూడా కొంచెం ఆలోచించాలి' అని కూర్చున్నాడు. చైర్మన్ కాగితం చూశాడు.

"అనుకూలంగా మూడు వందల పన్నెండు. వ్యతిరేకంగా ఎన్ని?"

"ఒకటండి."

"ఆ చుట్టేంటి?"

"అదేనండి ఆ ఒకటి. సంతకాలు చాలా ఉన్నాయి గానీ అర్జీ ఒకటేనండి."

"ఒకటే కదా" అన్నాడు చైర్మన్. ఎగతాళిగా అనలేదు. ఎదురుగా మరో పదకొండు అంశాలున్నాయి, భోజనాల వేళ అవుతోంది. ముసాయిదా ఆమోదించారు. చేతులెత్తడానికి పట్టినంతసేపు కూడా చర్చకు పట్టలేదు.

గుమ్మం దగ్గర మార్కండేయులు అలాగే నిలబడ్డాడు. తీర్మానం అయిపోయిందని ఎవరో చెప్పాక కూడా కదల్లేదు. భద్రావతి ఆయన మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు.

హాలు ఖాళీ అయ్యాక కాలేషా నా మూత తెరిచాడు. తాళంచెవి ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది. చుట్టను తీసి నాలో పడుకోబెట్టాడు. చక్కగా పట్టింది. చుట్టూ ఇంకా బోలెడు చోటు మిగిలింది. తాళం వేసి నన్ను రికార్డు గదికి చేర్చాడు.

ఆ గదిలో పద్నాలుగేళ్ళు ఉన్నాను. ఫైళ్ళ కోసం వచ్చినప్పుడల్లా కాలేషా నా మీది దుమ్ము తుడిచి, రెండు ముక్కలు మాట్లాడి పోయేవాడు. పెట్టెతో మాట్లాడే మనిషిని చూసి గుమస్తాలు నవ్వేవారు. ఆయన పట్టించుకోలేదు. రాతిగుంజలు పీకేశారని ఆయనే చెప్పాడు. లారీలు తిరుగుతున్నాయని చెప్పాడు. నేతవాళ్ళు పడుగుల్ని కొన్నాళ్ళు స్కూలు మైదానంలో సాగదీస్తే హెడ్మాస్టరు వద్దన్నారట. కొన్నాళ్ళు మార్కెట్ యార్డులో సాగదీస్తే మిర్చి బస్తాలు వచ్చి పడ్డాయట. ఎవరి తిప్పలు వాళ్ళు పడుతుంటే, ఈ రోజు మీకు మేం, రేపు మాకు మీరు అన్నది ఎలా సాగుతుంది? ఒక్కో మగ్గం ఆగిపోయింది. కొందరు సూరత్ వెళ్ళారు, మరమగ్గాల మీద కూలికి. మార్కండేయులు పోయినప్పుడు కాలేషా వచ్చి, తాళం మీద చెయ్యి వేశాడు. "తాళం పగలగొట్టినా నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు కాదు పెద్దాయనా. మహా అయితే మెమో ఇచ్చేవాళ్ళు" అన్నాడు.

ఆయన రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు శాలువా కప్పి, ఏం కావాలని మర్యాదకు అడిగారు. "ఆ పెట్టె సొసైటీది. ముప్ఫై రోజులకని తెచ్చాం. తిరిగి ఇచ్చేస్తా" అన్నాడు. సొసైటీకి అప్పటికే తాళం పడింది. అందుకని సైకిలు వెనక కట్టుకుని తిన్నగా భద్రావతి ఇంటికి తెచ్చాడు. తాళంచెవి ఎక్కడో పోయింది. బందులు పీకి మూత ఊడదీశారు. ఆ మూత చెక్క ఆ ఇంట్లో కత్తిపీట కింద పీటయింది. నేను పోగు చుట్టిన కండెలు వేసుకునే పెట్టెనయ్యాను. మళ్ళీ నూలు వాసన. అడుగున చుట్ట అలాగే ఉంది. భద్రావతి దాన్ని ఆ రోజు చేత్తో తాకింది గానీ, విప్పలేదు.

మరుసటి ఏడు పురపాలక సంఘం వాళ్ళు మాస్టర్ ప్లానునూ భూ వినియోగ నిబంధనలనూ తిరిగి సమీక్షిస్తున్నామని నోటీసు అంటించారు. వార్డు ప్లానింగ్ సెక్రటరీ సుకన్య అనే అమ్మాయి ఇంటింటికీ తిరుగుతూ వచ్చింది. చదువుకున్న పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. గుమ్మంలో కూర్చుని మగ్గం కేసి చూస్తూ, పడుగు ఎక్కడ సాగదీస్తారని అడిగింది. ఆ ప్రశ్న ఆఫీసు తరఫున ఒకరు అడగడం అదే మొదటిసారి.

"మా వీధి మాకు తెల్లవారి నాలుగు గంటల సేపు కావాలమ్మా. అందరం కలిసి ఒక అర్జీ ఇస్తే?"

"ఒకటిగానే లెక్క వేస్తారు ఆంటీ. ఎవరిది వాళ్ళు రాసి, విడివిడిగా పెట్టెలో వేయాలి. అప్పుడే ఎంతమంది అంటే అన్ని."

భద్రావతి చేతిలోని కండె ఆగిపోయింది. "ఆ మాట ఆ రోజు ఒక్కళ్ళు చెప్పుంటే మా మావయ్య బతికినన్నాళ్ళూ వీధి తన వల్లే పోయిందని అనుకునేవాడు కాదమ్మా."

సుకన్యదేం తప్పు? ఆ రోజుకి ఆమె బళ్ళో చదువుకుంటోంది.

ఆదివారం పొద్దున, లారీలు ఇంకా మొదలవక ముందు, భద్రావతి కండెలన్నీ నేల మీద పోసి చుట్ట బయటికి తీసింది. వీధిలోవాళ్ళను పిలిచింది. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు పట్టుకుని పదహారు ఠావుల్నీ రోడ్డు మీద సాగదీశారు. అంచుల్లో పురుగు తిన్నది గానీ, గంజి పెట్టిన అతుకు ఒక్కటీ ఊడలేదు. రెండు పక్కలా మనుషులు నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే, పడుగుకు నిలబడినట్టే నిలబడ్డారు.

భద్రావతి మొదటి పేరు చదవబోయి ఆగింది. అది దామర్ల మార్కండేయులు. "మా మావయ్య" అని, రెండో పేరుకి వెళ్ళింది. ఒక్కో పేరూ చదువుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు జవాబు చెప్పారు.

"పోయాడు."

"సూరత్‌లో ఉండారు, మొత్తం సంసారం."

"అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేస్తుండాడు, గుంటూర్లో."

"చూపు పోయింది వదినా. మగ్గం అమ్మేశారు."

"పోయింది. మొన్న చవితికి."

ఎక్కడో ఒక పేరుకి మాత్రం "ఉండా" అనే మాట వచ్చేది. అలా నూట ఎనభై ఆరు పేర్లూ చదివేసరికి ఎండ ఎక్కింది, ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఉండా అన్నవాళ్ళు పదకొండు మంది.

ఆ పదకొండు మందీ విడివిడిగా రాశారు. చేత్తో పట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ స్టీలు పెట్టె ఉందట, దానికీ సన్నటి సందే ఉందట. ఒక్కొక్కరిదీ ఇరుక్కోకుండా జారిపోయిందని భద్రావతి వచ్చి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. గెలిచినట్టు కాదు, ఇంత సులువా అని ఏడ్చింది.

ఈసారి ఎదురు కాగితాలు ఒక్కటీ పడలేదు. పడుగుల వీధిలో ఇప్పుడున్న దుకాణాలు తెరిచేది పదింటికి. పడుగు తొమ్మిదికే చుట్టేస్తారు. ఒకరికొకరు అడ్డం కానే కాదు. ఆ రోజుల్లోనూ కాదు. ఆ సంగతి కూర్చుని అడిగితే, పట్టుమని పది నిమిషాల్లో తేలేది. కౌన్సిల్ వాళ్ళు నిబంధనల్లో ఒక వాక్యం చేర్చారు. ఉదయం అయిదు నుంచి తొమ్మిది వరకు పడుగుల వీధిలో వాహనాలు రాకూడదు, నేత పనికి రెండు కొసలా గుంజలు ఉండవచ్చు. మార్కండేయులు కోడలి చేత రాయించిన అర్జీలో ఉన్నదీ అంతే.

గుంజలు పాతిన మొదటి ఉదయం భద్రావతి ఇంటి పడుగు బయటికి వచ్చింది. నన్ను తెచ్చి వీధి కొసన, గుంజ పక్కన పెట్టారు. నాలో కుంచెలు, వాటి కింద చుట్ట. పదకొండు మందిలో ఇద్దరు జ్వరంతో పడుకున్నారు, ఒకరు ఆస్పత్రికి వెళ్ళారు, ఒకరికి మోకాళ్ళు నిలబడనివ్వవు. ఏడుగురు వచ్చారు. పడుగుకి ఎనిమిది మంది కావాలి. ఒకప్పుడు ఈ వీధిలో చెయ్యి కావాలని పిలవాల్సిన పనే ఉండేది కాదు. ఏడుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

చూడటానికి వచ్చిన కాలేషా సైకిలు గోడకు ఆనించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. పుట్టి బుద్ధెరిగాక పడుగును ముట్టుకున్నవాడు కాదు. కొస పట్టుకుని, గట్టిగా లాగితే ఏమవుతుందోనని బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"తెగిపోద్దేమోనమ్మా" అన్నాడు.

"లాగన్నా, ఏం కాదు" అంది భద్రావతి గంజిలో చెయ్యి ముంచుతూ. "తెగితే అతుకుదాం."

ఆయన లాగాడు. పడుగు బిగిసింది. గుంజ పక్కన, మూత లేని నేను, నూట ఎనభై ఆరు పేర్లను కడుపులో పెట్టుకుని చూస్తూ ఉన్నాను.